ఈనిన మందలోకి విహారం

కొచ్చి

అక్కకు చెల్లెలు దండం పెట్టి రాసేది. మేమిద్దరం కులాసాగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బావ దగ్గు తగ్గిందా? కొత్తగా ఈనిన మేకలు పిల్లలకి సరిగ్గా పాలిస్తున్నాయా? తమిళ బళ్ళలో చదివిన మనింట్లో తాత నేర్పిన తెలుగు అక్షరాలు మనిద్దరికే మిగిలాయి కనుక, ఫోను పక్కనపెట్టి రాస్తున్నాను.

ఉద్యోగం మారి వచ్చామేగాని ఈ ఊరు నా ఒంటికి ఇంకా పట్టలేదు. మన విళాత్తికుళం ఎండలో పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. ఇక్కడ పొద్దున ఆరేసిన తువ్వాలు సాయంత్రానికీ తడి కంపు కొడుతుంది. ఏ కూర తిన్నా కొబ్బరినూనె వాసనే. బెంగపడకు, తింటున్నాను. ఆఫీసులో పని పర్వాలేదు, నోరారా మాట్లాడే మనిషే లేదు. అందుకే పక్కింటి బిందు "నాలుగు కుటుంబాలం మున్నారు పోతున్నాం, మీరూ రండి" అన్నప్పుడు చిన్నపిల్లలా మురిసిపోయాను.

ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు రోతగా ఉంది. బిందు ఇంట్లో అందరం కూర్చుని ఏ రోజు ఏం చూడాలో అనుకుంటున్నాం. "పక్కనున్న నేషనల్ పార్కు మూసేశారట కదా, కొండమేకలు ఈనే కాలమని?" అన్నాను.

"అదే మనకి మంచిది, జనం ఉండరు. మనం దిగే రిసార్టు మేనేజరు తేయాకు తోటల వెనకనుంచి తీసుకెళ్తానన్నాడు. అప్పుడే పుట్టిన పిల్లల్ని ఎత్తుకుని ఫోటోలు దిగొచ్చు" అంది బిందు. వాళ్ళాయన నా వైపు తిరిగి, "మీరు మేకల ఊరివారు కదా మేడమ్, ఓసారి పిలిచి చూపించండి, ఎలా వస్తాయో!" అన్నాడు. పకోడీలు నములుతూ అందరూ ఒకటే నవ్వు. ఆ నూనె మూతులు చూస్తూ నా చేతిలోని పకోడీ ప్లేటులో పెట్టేశాను.

ఆ రాత్రి ఫోనులో నువ్వేమన్నావో గుర్తుందా? "ఏమే పాపా, ఈనిన మందలోకి వెలివాళ్ళు, బయటి మనుసులు, పోతారా? తల్లి బెదిరి పిల్లని విడిసిపెడితే ఎవురు పాలిచ్చేది, ఆ బిందమ్మా? నువ్వు చుమ్మా, నోరు మూసుకోని కూసోని వస్తివా?"

మేకలు ఈనినప్పుడు మన దొడ్డి వాకిట వేపమండ కట్టి ఉంటే ఊరి పెద్దయినా గడప దాటడు. కానీ అడవి మేకకీ మన మేకకీ ఒకటే పద్ధతా అని సందేహం. ఉన్న ఒక్క తోడునీ చేజేతులా పోగొట్టుకుంటున్నానేమోనని ఇంకో సందేహం. ఆయనేమో "మనం మానేస్తే సరిపోదా, వాళ్ళ పాపం వాళ్ళది" అన్నారు. మనం మానేస్తే మన చేతులు శుభ్రం, ఆ పిల్లల మాటేమిటి?

చివరికి బిందు గుమ్మంలోనే నిలబడి చెప్పేశాను. "మేం రావడం లేదు. మీరు ఆ దొడ్డిదారిన వెళ్తే అటవీశాఖ వాళ్ళకి నేనే చెప్తాను."

"ఒక మేక కోసమా?" అని తలుపేసుకుంది.

ప్రయాణం మానుకున్నారు. ఇప్పుడు లిఫ్టులో నన్ను చూస్తే అందరూ ఫోనుల్లోకి దూరతారు. ఒంటరిగా ఉంది, అక్కా. అయినా ఆ నవ్వుల మధ్య కూర్చున్నప్పుడు ఇంతకంటే ఒంటరిగా ఉండింది.

కాబట్టి మున్నారుకని పెట్టుకున్న సెలవులకి మేం నీ దగ్గరికే వస్తున్నాం. కోవిల్‌పట్టి బస్టాండుకి బావని పంపు. అక్కడి పల్లీల కడలమిఠాయి నేనే కొనుక్కొస్తాను, నువ్వు కొత్త మిరపకాయలు కొంచెం ఎండబెట్టి ఉంచు.

ఒక్క మాట. దొడ్డికి కట్టిన వేపమండ నాకోసం విప్పకు. పెళ్ళయి ఇన్నేళ్ళు దూరంగా ఉన్న నన్ను నీ మేకలు ఇంటిదాన్ననుకుంటాయో, వెలిదాన్ననుకుంటాయో. నువ్వు రమ్మనేదాకా బయటే నిలబడతాను.

మీ అత్తగారికి నా దండాలు చెప్పు. నన్ను దీవించు.

నీ చెల్లెలు