వాద్యమా, వైద్యమా

చిరంజీవి గడుగ్గాయికి అమ్మమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. మీ తాతయ్య మోకాలు మాత్రం వేరు కాపురం పెట్టింది. మిగతా ఒళ్ళంతా మెట్లెక్కుదామంటే అది ససేమిరా అంటుంది. హాస్టల్లో వేళకు తింటున్నానని రాశావు. నమ్మినట్టే ఉంటాను.

నువ్వడిగిన వాటికి జవాబులు. లెక్కలు రెండోసారికి గట్టెక్కినందుకు సంతోషం; మీ అమ్మకు మూడోసారి దాకా పట్టింది, నేను చెప్పానని అనకు. గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలు అతికించిన నలభై గంటలూ బడివాళ్ళు చేసి తీరాలన్న సేవ కిందికి వస్తాయా అన్నావు. అక్కడి అధికారి సంతకం పెట్టాక రాక ఎక్కడికి పోతాయి?

ఇక మిగిలింది "బడి తర్వాత నా దారి" అన్న ఆ ఒక్క పేజీ. అది తేలితే గానీ బడి పూర్తయినట్టు పత్రం ఇవ్వరు. నువ్వు రాసి నాకు పంపావు, నేను దిద్ది పంపాను, నువ్వు దుకాణంలో టైపు చేయించి ఇచ్చేశావు. నువ్వు రాసింది వాద్య పరికరాలు బాగుచేయడం నేర్చుకుంటానని. బడికి చేరినది వైద్య పరికరాలని. మీ టీచరమ్మ మురిసిపోయి ఆస్పత్రి పరికరాల కోర్సులో నీకు సీటు అడిగింది. మీ అమ్మ ఫోనులో ఊరంతా చాటింది. సోమవారం బడివాళ్ళ ముందు కూర్చుని ఆ పేజీకి నువ్వు అవుననాలి. "పొరపాటు నాదా, టైపు చేసినాయనదా? నా వాక్యం ఒకటి కూడా మింగేశాడు, వెళ్ళి పోట్లాడి వచ్చాను. అయినా అందరూ ఇంత సంతోషంగా ఉంటే అదే చదివేస్తే పోలా అమ్మమ్మా?" అని అడిగావు.

దానికి జవాబు తర్వాత. ముందు నేను ఎక్కడికి వెళ్ళానో విను.

నీ ఉత్తరం అందిన మర్నాడు, కూరగాయల బజారు వెనక సందులో వయొలిన్లు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆ పని ఎంత పనికిమాలినదో కళ్ళారా చూసి నీకు రాద్దామని. గది అగ్గిపెట్టెంత. పొట్టలు విప్పిన వయొలిన్లు గోడ నిండా వేలాడుతున్నాయి. పొయ్యి మీద జిగురు ఉడుకుతోంది.

"కొనడానికొచ్చారా పెద్దమ్మగారూ?"

"కాదు, అడగడానికి. ఎన్నాళ్ళు నేర్చుకున్నారు?"

"ఏడేళ్ళండి. మొదటి ఏడాదంతా ఉలి నూరడమే."

"ఉలికి ఏడాదా! బుద్ధికి కూడా అంత పట్టదు."

"అది నూరకుండానే వస్తారండీ చాలామంది."

నాకు నచ్చాడు. చిన్న అద్దం, సన్న దీపం చేతికిచ్చి, వయొలిన్ మీది చీలికలోంచి చూడమన్నాడు. లోపల చిటికెన వేలంత పుల్ల ఒకటి నిలబడి ఉంది.

"మేకు కొట్టారా?"

"లేదండి."

"జిగురా?"

"అదీ లేదు. పై చెక్కకీ కింది చెక్కకీ మధ్య ఒత్తిడికే నిలబడుతుంది. వెంట్రుకవాసి జరిపితే గొంతు మారిపోతుంది."

జరపమన్నాను. జరిపి వాయించాడు. నిజంగానే మారింది! ఇటు జరిపితే ఎలా ఉంటుందన్నాను. అదీ చూపించాడు. మూడోసారి అడిగేసరికి నెత్తి గోక్కుని, నాకో స్టూలు వేశాడు. వరసగా మూడు రోజులు వెళ్ళాను. మీ తాతయ్యకు అనుమానం కూడా వచ్చింది. ఆ వయొలిన్ల ఆయన బడి పూర్తిచేసిన వాళ్ళనే పనిలోకి తీసుకుంటాడట. "మీ మనవరాలికి లెక్కలు బాగా వచ్చాండీ?" అన్నాడు. చేతిపని బాగా వచ్చన్నాను.

ఇప్పుడు నీ ప్రశ్న. టైపు చేసినాయన ఏ పాపమూ ఎరుగడు. ఆ మార్పు నాది. ప్రెస్సులో ముప్పై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన చెయ్యి, దీర్ఘం కొట్టేసి ఐత్వం పెట్టేసింది. అంతవరకు పొరపాటే. కానీ కింది వాక్యంలో "తీగలు, కొయ్య, జిగురు" అని ఉంది. అప్పుడు తెలిసింది. పొరపాటున కొట్టేసినదాన్ని ఉంచెయ్యమనడానికి మేము దాని కింద చుక్కలు పెడతాం. మూడు చుక్కల పని. పెట్టలేదు. పైగా ఆ వాక్యాన్ని కూడా అడ్డంగా కొట్టేసి పక్కన "నిడివి ఎక్కువ" అని రాశాను. నిడివి సరిగ్గానే ఉంది. ఆస్పత్రి కొలువైతే నీకు జీవితమంతా ఢోకా ఉండదని నా స్వార్థం. అమ్మమ్మ తప్పు చేయదని, ఆ కాగితం చూడనైనా చూడకుండా దుకాణంలో ఇచ్చావు. నువ్వలా ఇస్తావని నాకు తెలుసు. అదే గుచ్చుకుంటోంది.

మీ టీచరమ్మకు ఇదంతా రాసి, సంతకం చేసి, ఈ కవరులోనే పెట్టాను. సోమవారం ఇస్తావో, చించేస్తావో నీ ఇష్టం. వైద్య పరికరాలే నచ్చితే అవే నేర్చుకో, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే ఆ మాట నీ చేత్తో రాసినదై ఉండాలి. మీ అమ్మకు నేనే చెబుతాను. తిట్లు తినే వయసు ఇంకా దాటలేదు.

టైపు చేసినాయనకు క్షమాపణ చెప్పు. కొత్త పేజీలో ఏం రాస్తావో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. అయినా సరే, బడిలో ఇచ్చేశాకే నాకు చూపించు.

ఇట్లు,
నీ అమ్మమ్మ