ఆగి ఆగి వచ్చిన చప్పుడు

అన్నా చిరంజీవీ,

వానకు టవర్ పోయింది, ఫోన్లు లేవు. జంపక్క వదిన ఇక్కడి నుంచి బయటపడితే ఈ కాగితం ఆమె కొంగున కట్టి పంపుతాను. నీకు చేరిందంటే నీ భార్య బయటపడిందని అర్థం.

వాగు ఊరి చుట్టూ తిరిగి దారి మూసేసింది. అందరం మెరక మీద ఇప్పచెట్ల కింద ఉన్నాం. వదినకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని గంగక్క చూసి, "బిడ్డ అడ్డం తిరిగింది. నాతోని కాదు. జల్దీ దవాఖానకు పోవాలె" అంది. ఈ నీళ్లలో పడవ నిలవదు.

పొద్దున హెలికాప్టర్ వచ్చింది. మన ఊరి కట్టు నీకు తెలుసు. చప్పుడైతే పొయ్యి ఆర్పాలి, తీగ మీది బట్టలు లాగేయాలి, చెట్టు నీడ దాటకూడదు. ఆ వేసవిలో నక్సలైట్లను వెతుకుతూ యూనిఫాం వాళ్లు దాన్లో మన చేలో దిగి, నాయినను ప్రశ్నలకు తీసుకుపోయినప్పటి నుంచీ ఇంతే. తిరిగొచ్చాక ఆయన ఆ సంగతి ఒక్క మాట చెప్పలేదు. నువ్వు వైరాలో పని వెతుక్కున్నది కూడా ఆ చప్పుడు పడకే. ఇవాళా అందరం దాక్కున్నాం. అది పోయింది.

డ్రోన్ అయితే తేనెటీగల రొద. చిన్న హెలికాప్టర్ గొంతు సన్నం. పెద్దది వస్తే ముందు నేల అదురుతుంది, తర్వాతే చెవికి అందుతుంది. ఇవాళ వచ్చింది పెద్దదే. "గదే బండి. నా చెవులనే ఉన్నది" అన్నాడు నాయిన. నిజమే, అదే రకం. కానీ ఆ రోజుది గుట్ట అంచు పట్టుకుని ఒకే జోరులో వచ్చింది. ఇవాళ్టిది వాగు వెంట ఆగి ఆగి వచ్చింది. ఒకచోట నిలబడి మోగింది, కదిలింది, మళ్లీ నిలబడింది. కింది గూడేలన్నీ మునిగాయి. వాటిలో జనం ఉన్నచోటల్లా వాళ్లను కాపాడేందుకు ఆగుతోందేమోనని నా అనుమానం. అనుమానమే, రూఢి కాదు.

మళ్లీ వస్తే నేను బయటికి వెళ్లి నిలబడతాను. ఎవరికీ చెప్పలేదు. నేను విన్నది తప్పయితే, దిగినవాళ్లు ముందు అడిగేది నాయిననే.

నీ చెల్లె,
వనజ

అన్నా,

వదినా బిడ్డా క్షేమమని దవాఖాన నుంచి నీకు తెలిసే ఉంటుంది. నాయిన వాళ్లతో ఎట్లా వెళ్లాడో తెలిసి ఉండదు. ఆయన చెప్పడు.

ఆ రోజు మధ్యాహ్నం నేల అదిరింది. నేను పసుపు చీర పట్టుకుని చేలోకి నడిచాను.

"వనజా, ఎనకకు రా! నిన్ను జూస్తే దిగుతరు" అని నాయిన అరిచాడు.

"దిగాలనే నాయినా."

హెలికాప్టర్ నా తల మీదుగా దాటి గుట్ట అవతలికి పోయింది. "చీర జూసి పెండ్లనుకున్నరేమో, కట్నం తేనీకి పోయిండ్రు" అంది గంగక్క. ఎవరూ నవ్వలేదు. వదిన మూలుగు వినబడుతోంది. నేను చీర దించలేదు. చప్పుడు దూరమైతే పలచబడాలి. ఇది పలచబడలేదు, గుట్ట అడ్డానికి మొద్దుబారింది. అవతల తిరుగుతోందన్నమాట.

తిరిగి వచ్చి చేలో దిగింది. యూనిఫాంలో ఉన్నవాళ్లే దిగారు, ఆనాటి లాంటి బట్టలే. ఊరు ఊరంతా ఇంకా వెనక్కి జరిగింది. నేనొక్కదాన్నే వదినను చూపించాను. ఆమెను స్ట్రెచర్ మీదికి ఎక్కించి, తోడు ఒకరు రావచ్చన్నారు. నేను బయలుదేరాను.

అప్పుడు నాయిన చెట్ల కింది నుంచి వచ్చాడు, రెండు చేతులూ తల మీదికి ఎత్తి. ఆనాడు నేర్చుకున్న నడక అది. నేను దాన్ని చూడడం అదే మొదటిసారి. వాళ్లలో ఒక కుర్రవాడికి తెలుగు వచ్చు. "చేతులు దించు తాతా. ఇటు పట్టు, బరువుంది" అన్నాడు. నాయిన చేతులు దించి స్ట్రెచర్ పట్టుకున్నాడు.

"నేను పోత. నువ్వు ఈడనే ఉండి చప్పుడు ఇను" అన్నాడు నాతో.

"భయం గాదా నాయినా?"

"ఎక్కినదే గదనే. యాడ కూసోవాల్నో నాకెరుకే."

ఇప్పుడు వాగు తగ్గింది, అందుకే ఈ ఉత్తరం ములకలపల్లి పోస్టాఫీసు దాకా పోతోంది. తిరిగి వచ్చేటప్పుడు నాయినను బస్సులో నువ్వే తీసుకురా. చప్పుడైతే ఊరు ఇంకా చెట్ల కిందికే పోతోంది. మన పొయ్యి మాత్రం నేను ఆర్పడం లేదు.

నీ చెల్లె,
వనజ