లక్ష్మీదేవమ్మ నడక

కర్నూలు,
శనివారం.

రాతిదుమ్ములో, ఎండలో తిరిగే నా శివానికి,

నీ ఉత్తరంలో ఒక తప్పుంది. ముందు అది దిద్ది, క్షేమసమాచారాలకు తర్వాత వస్తాను. "ముత్తవ్వ రక్తం నా దాకా రాలేదవ్వా, నాలో ఆడతనం తక్కువే" అని రాశావు. రాలేదని నీకెవరు చెప్పారు? మొన్న గురువారం దాకా నేనూ అదే అనుకున్నాను కాబట్టి నిన్ను తిట్టడం లేదు. గురువారం నుంచి మాత్రం నాకు అన్నం సరిగా దిగడం లేదు. ఫోన్లో చెబుదామంటే మధ్యలో నువ్వు ప్రశ్నలు వేస్తావు. అందుకే ఉత్తరం.

కడప సంబంధం వాళ్ళు అన్నదంతా మీ అమ్మ స్వర్ణలత చెప్పింది. భూపేష్‌కు నువ్వు నచ్చావు. వాళ్ళమ్మ ప్రమీలారాణికి నీ నడక నచ్చలేదు. పెద్ద పెద్ద అంగలు వేస్తావట, చేతులు ఊపుతావట, ఆడపిల్ల నడిచినట్టు నేలకు తెలియకూడదట. గనిలో ఇంజనీరు ఉద్యోగం మానేసి, పెళ్ళిదాకా ఇంటిపట్టున ఉండి ఒద్దిక నేర్చుకోవాలని ఆవిడ షరతు. నువ్వేమో సోమవారం రాజీనామా ఇస్తానని రాశావు. బేతంచెర్లలో లారీ డ్రైవర్లను గదమాయించే పిల్ల ఒక్క మాటకు ఇంత చిన్నదైపోయిందేమిటా అనుకున్నాను. తర్వాత నన్ను నేను తలచుకుని నోరు మూసుకున్నాను.

మన ఇంట్లో ఆడపిల్లలను కొలిచే కొలబద్ద ఒక్కటే, మా అమ్మ లక్ష్మీదేవమ్మ నడక. నడుమున బిందెతో నడిచినా చుక్క తొణికేది కాదు. ఆమె వాకిలి దాటుతుంటే మగవాళ్ళు చెప్పే మాట మధ్యలో ఆపేవాళ్ళు. అది పుట్టుకతో వచ్చింది, నేర్చుకుంటే రాదు అని ఊరంతా అనేది. అని, వెంటనే నా వైపు చూసేది. నేను గడప దాటితే దూలం పడినట్టుందని మా జేజి, అంటే మా నాన్నను కన్నతల్లి, వెక్కిరించేది. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను, డెబ్బై దాటాను, అయినా నలుగురిలో లేచి నడవాలంటే ఇప్పటికీ వీపు మీద చూపులు గుచ్చుకున్నట్టుంటుంది. ఈ మాట మీ అమ్మకు కూడా ఏనాడూ చెప్పలేదు.

గురువారం మా తమ్ముడు ఓబుళేశు గృహప్రవేశానికి మన ఊరికి పోయాను. నీకు డ్యూటీ ఉండి రాలేదు గదా. భోజనాలయ్యాక వసారాలో ఆడవాళ్ళ సభ, నీ సంబంధం సంగతే. ఓబుళేశు భార్య సోమక్క తమలపాకు నములుతూ, "లక్ష్మీదేవమ్మత్త మునిమనవరాలికి ఇట్లాంటి నడకేందో. ఆ రక్తం యాడ ఇంకిపాయనో" అంది.

అరుగు మీద కాశన్న కూర్చుని ఉన్నాడు. తొంభై దాటినవాడు. వయసులో ఉన్నప్పుడు మా ఊరి నాటకాల్లో ఆడవేషాలు కట్టేవాడు. సోమక్క మాట విని, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత కర్ర పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచి, తువ్వాలు పైటలా వేసుకుని, వసారా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు.

శివానీ, అక్కడ నడిచింది మా అమ్మ. పోయి పాతికేళ్ళయిన మనిషి. అదే మెడవంపు, మడమ నేలకు ఆనీ ఆననట్టు అదే అడుగు. ఎడమ మోకాలు సహకరించక ఒకసారి తూలాడు, అదొక్కటే అమ్మది కాదు. సోమక్క ఆకు నమలడం ఆపేసింది. నాకు కోపం వచ్చింది. మా అమ్మను చూసి నేర్చుకుని ఊరూరా ఆడి చప్పట్లు కొట్టించుకున్నాడన్నమాట. "మా అమ్మ నడక దొంగిలించినావా కాశన్నా?" అన్నాను.

"దొంగతనమేందమ్మా. ఆయమ్మకు నేర్పిందే నేను."

అమ్మ రేగడి చేలల్లో నాగలి వెంట పెరిగిన పిల్లట. కాపురానికి వచ్చిన రోజున ఆమె నడక చూసి, ఇది కోడలా కావలివాడా అని జేజి తల పట్టుకుందట. అప్పటికింకా మీసాలు రాని కాశన్నను పశువుల కొట్టంలోకి పిలిపించి నేర్పమందట. వాడికి తెలిసిన పద్ధతి వాడి గురువు బొజ్జన్న నేర్పినదే. దూడకు బందం వేసినట్టు రెండు కాళ్ళకూ మూరెడు నూలుతాడు కట్టి నడిపించడం. మరి ఆ బొజ్జన్నకు ఎవరు నేర్పారని అడిగాను.

"ఆయప్పకు వాళ్ళ గురువు. ఆడమనిషి యాడుండాదమ్మా దాంట్లో?"

నడక వచ్చాక కూడా కొన్నేళ్ళ దాకా అమ్మ ఆ తాడు విప్పలేదట, మళ్ళీ పాత అంగ పడుతుందేమోనని. చీర కుచ్చిళ్ళ కింద ఎవరికి కనబడుతుంది? అమ్మ చీలమండల మీద నల్లటి వలయాలుండేవి. కడియాల మరకలనుకున్నాను నేను. ఆ కాళ్ళకు పసుపు రాసినదాన్ని కూడా నేనే.

ఇంతకాలం ఎందుకు దాచావని నిలదీశాను. అమ్మ ఒట్టు పెట్టించుకుందట. ఆమె అన్న మాట వాడు ఆమె గొంతుతోనే చెప్పాడు. "నా కడుపున పుట్టే బిడ్డకు ఇది దానంతట అదే వస్తాది. దానికి తాడు కట్టే పని ఉండదు."

ముప్పై ఏళ్ళు తరగతిలో చెప్పాను, ఎన్ని తరాల ఎలుకలకు తోకలు కోసినా పిల్లలు తోకలతోనే పుడతాయని. అమ్మ తాడు నడక నాకు రాలేదు, నేనూ తోకతోనే పుట్టాను. నేను నడుస్తుంటే అమ్మ ముఖంలో కనిపించేది ఏవగింపు అనుకుంటూ ముసలిదాన్నయ్యాను. కాశన్న ఇంకొకటి చెప్పాడు. నాకు పదేళ్ళప్పుడు జేజి వాణ్ణి మళ్ళీ కొట్టానికి పిలిపించిందట. ఆ రోజు అమ్మ తలుపుకు అడ్డంగా నిలబడి, "నన్ను దాటి పోండి" అందట. జేజి వెనక్కి తిరిగిపోయిందట. ఈ సంగతి అమ్మ నాకు చెప్పి ఉంటే ఏం పోయేది?

చివరికి, తాడు కట్టకముందు ఆమె ఎట్లా నడిచేదో చూపించమన్నాను. మోకాలి నొప్పని గొణిగాడు గానీ నడిచాడు. వాన పడిన రేగడిలో బురద అంటకుండా దాటుతున్నట్టు పెద్ద పెద్ద అంగలు, రెండు చేతులూ బారుగా ఊగుతూ, గడ్డం పైకెత్తి. నేను నోరు తెరవకముందే సోమక్క అంది, "అయ్యో వదినా, ఇది మన శివాని గదా."

అందుకే రక్తం రాలేదని ఇంకెప్పుడూ రాయకు. ఏది పుట్టుకతో వచ్చిందో, ఏది తాడుతో వచ్చిందో తేల్చి చెప్పమంటే ఇంత చదువు చదివిన నాకే చేతకావడం లేదు. భూపేష్‌ను చేసుకుంటావో మానతావో నీ ఇష్టం. కానీ నీ కాళ్ళ గురించి వాళ్ళమ్మ మాట్లాడుతున్నప్పుడు అతను ఏం చేస్తున్నాడో అడిగి తెలుసుకో.

ఈ ఉత్తరంతో పాటు బస్సు పార్సిల్లో మోకాలి పట్టీ ఒకటి పంపుతున్నాను. కాశన్నకు. ఎడమ మోకాలికి. సోమవారం డ్యూటీ దిగాక మన ఊరికి పోయి నువ్వే తొడిగి చూడు. బిగుతైతే మార్చి పెద్దది తీసుకో, మందుల షాపు బిల్లు కవర్లోనే ఉంది. స్కూటర్ వీధి మొదట్లోనే ఆపి, అరుగు దాకా నడిచి పో.

నీ అవ్వ,
మహానందమ్మ