సునీత నోట నీ గొంతు

అక్కా, నీ కూతుర్ని తినేస్తున్నది నువ్వే. దయ్యాలను నమ్మని నేనే ఈ మాట రాస్తున్నాను, నువ్వు చదవవని తెలిసి కూడా.

సాయంత్రం వర్క్‌షాప్ సైరన్ మోగి, బావ క్వార్టర్‌కి రాగానే సునీత టీ తెచ్చి ఆయన ముందు నిలబడుతుంది. చూపు ఎక్కడో ఆగిపోతుంది. ఆ పదిహేనేళ్ల పిల్ల నోట్లోంచి నీ గొంతు వస్తుంది. "ఏవండీ, చేతులు కడుక్కున్నారా?"

మొదట్లో బావ భయపడ్డాడు. ఇప్పుడు ఆ మాట కోసమే కాచుకుని ఉంటున్నాడు. నేను పిల్లని కుదపబోతే, "చుప్‌గా కూర్చోరా, మీ అక్క ఒచ్చింది" అన్నాడు. కాలనీలో దీన్ని ప్రేమ అంటున్నారు. నేను దోపిడీ అంటాను.

ఇది దయ్యమూ కాదు, నటనా కాదన్నారు నేను తీసుకెళ్లి చూపించిన డాక్టరు. ఇంట్లోవాళ్ల దుఃఖమంతా మొయ్యలేక పిల్ల తనలోంచి తానే తప్పుకుంటోందట. దాన్నొక్కదాన్నే పంపితే లాభం లేదు, గురువారం ఇంటిల్లిపాదీ వచ్చి కూర్చోవాలన్నారు. దానికి బావ ఏమన్నాడో తెలుసా?

"అది ఠీక్ అయిపోతే మీ అక్క మళ్ళీ పోద్ది కదరా!"

నిన్న, నువ్వు పోయి ఏడాదైందని పెట్టిన ప్రార్థనకు దానికి నీ చీర కట్టించారు. తెల్లారినా విప్పలేదు. "సునీతా" అని నేనెంత పిలిచినా తల తిప్పలేదు. బావ నీ పేరుతో పిలిస్తే పలికింది.

ఆయన నీ మాట తప్ప ఎవరి మాటా వినడు. అందుకే నీతోనే చెప్పుకుంటున్నాను.

దాన్ని ఎవరూ నీ పేరుతో పిలవకూడదు.
నీ చీరలు ఆ ఇంట్లోంచి వెళ్లిపోవాలి.
గురువారం బావ డాక్టరు ముందు కూర్చోవాలి, ఏడుపొస్తే అక్కడే ఏడవాలి.
సాయంత్రం టీ ఆయనే పెట్టుకోవాలి.