కూర్చుని చూస్తే

ప్రియమైన అమ్మకు,

ఫోన్లో మొదలుపెడితే రెండో మాటకే అరుచుకుంటాం కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఇక్కడ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో బల్ల సరిగ్గా నా గడ్డానికి తగులుతుంది. చక్రాల కుర్చీలో వచ్చే పిల్ల ఉంటుందని కట్టినవాళ్ళకి తోచలేదు మరి. ల్యాబ్ సారు ఒక ఉపాయం కనిపెట్టారు. పక్కమ్మాయి ప్రయోగం చేస్తుంది, నేను "పరిశీలకురాలిని". విందుకు పిలిచి, వాకిట్లో కూర్చోబెట్టి, వాసన చూసి వెళ్ళమన్నట్టుంది.

కొత్తగా వచ్చిన మేడమ్ వేరే రకం. ఇన్నాళ్ళూ ఫస్టొచ్చినవాళ్ళకే దక్కిన పరిశోధన ఇప్పుడు మొదటి ఏడాది వాళ్ళందరూ చెయ్యాల్సిందే అన్నారు. ప్రతి బల్ల వాళ్ళూ ఒక ప్రశ్న వెతుక్కోవాలి, జవాబు పుస్తకంలో ఉండకూడదు. మా బల్ల ప్రశ్న నేనే వెతుకుతున్నాను. అది దొరికిందంటే సారుకి నిద్ర పట్టదు, చూస్తూ ఉండు.

నీ గడుగ్గాయి

నా బంగారు గడుగ్గాయికి,

మీ ల్యాబ్ సారు ఫోన్ చేశారు. మర్యాదగానే మాట్లాడారు. "యాసిడ్ ఒలికితే మీ అమ్మాయి లేచి పక్కకి జరగలేదు కదమ్మా" అన్నారు. హిస్టరీకి మార్చేస్తామంటే సరే అన్నాను. వేడి గిన్నె దగ్గరికే నిన్ను రానివ్వనిదాన్ని, యాసిడ్ దగ్గరికి ఎలా పంపను? తిట్టుకుంటే తిట్టుకో. చరిత్రలో వాదించడానికి బోలెడుంటుంది, నీకు అదేగా కావాలి.

బస్సులో రోజంతా నిలబడి టికెట్లు కొట్టి వచ్చాను, కాళ్ళు నావి కావు. కోపమొచ్చినా అన్నం మానకు.

మీ అమ్మ

అమ్మకు ("ప్రియమైన" కావాలనే రాయలేదు),

అన్నం మానలేదు. కోపమూ మానలేదు. నన్నడక్కుండా నా చదువు ఎవరికో ఎలా ఇచ్చేశావు?

మా ప్రశ్న ఇదీ: కూర్చుని చేస్తే ఎవరికైనా లెక్క సరిగ్గా వస్తుందా? గీతలున్న పొడవాటి గాజు గొట్టంలో ద్రవం ఎక్కడుందో కంటికి ఎదురుగా చూడాలి. కింద నుంచి చూస్తే తప్పు గీత కనిపిస్తుంది. క్లాసు మొత్తాన్నీ ఆ బల్లల ముందే, నా కుర్చీ అంత ఎత్తున్న కుర్చీల్లో కూర్చోబెట్టాం. నిలబడి చూసిన లెక్కతో ఒక్కరిదీ కలవలేదు. ఫస్టొచ్చే అబ్బాయిని "నువ్వు లే" అని సారే కూర్చున్నారు. ఆయనదీ కలవలేదు!

అప్పుడు మేడమ్ పొట్టి బల్ల తెప్పించి గొట్టం నా కళ్ళకి ఎదురుగా బిగించారు. చేసిన ప్రతిసారీ నా లెక్క సరిపోయింది. పాత బల్ల మీద యాసిడ్ ఒలికితే నా మొహాన పడేది, అది నీకూ సారుకీ తట్టలేదు. తప్పు నా కాళ్ళది కాదమ్మా, బల్లది.

అయినా సారు ప్రిన్సిపాల్ దగ్గర "వాళ్ళమ్మగారే ఒప్పుకున్నారు" అంటున్నారు. సోమవారం తేలుస్తారట. మాట ఇచ్చింది నువ్వు, వెనక్కి తీసుకోవాల్సిందీ నువ్వే. తీసుకోకపోయినా నేను ఆ బల్ల వదలను. కుర్చీతో సహా ఎత్తి బయట పెట్టుకోమను.

కదలని నీ కూతురు

నా గడుగ్గాయికి,

నీ ఉత్తరం చదివి వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చున్నాను. పొయ్యి మీద గిన్నెలో ఏముందో కనపడలేదు. అందుకోబోతే చెయ్యి చురుక్కుమంది. ఆ గట్టు నా ఎత్తుకి కట్టించి, ప్రమాదమని నిన్ను గుమ్మంలోనే ఆపాను.

వెంటనే ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేశాను. "నేనన్న సరే వెనక్కి తీసుకుంటున్నాను. మా అమ్మాయి చదువు మా అమ్మాయిది. కాదంటే మీ గుమ్మంలో వచ్చి కూర్చుంటా, కుర్చీ నేనే తెచ్చుకుంటా" అన్నాను. అక్కడే ఉన్న మీ ల్యాబ్ సారు ఫోన్ అందుకుని "ప్రమాదం" అనబోయారు. "మీరూ కూర్చుని చూశారటగా, సరైన గీత కనపడిందా?" అన్నాను. ఆయన ఫోన్ తిరిగి ప్రిన్సిపాల్‌కి ఇచ్చేశారు. పొట్టి బల్ల అక్కడే ఉంటుందట, నువ్వూ ఉంటావట.

నిన్న మేస్త్రీ వచ్చి మన వంటగట్టు పగలగొట్టాడు. ఇల్లంతా దుమ్ము. కొత్తదాని కింద నీ కుర్చీకి చోటు వదలమన్నాను. ఎత్తెంతో అడుగుతున్నాడు, కొలిచి వెంటనే రాయి. సెలవులకి వచ్చినప్పుడు టీ నువ్వే పెట్టాలి. చేతకాదంటే ఒప్పుకోను, పరిశోధన చేసుకో.

మీ అమ్మ