సమాధుల దొడ్డి వాలు

1946 ఆగస్టు 4
నాన్న దగ్గులో మళ్ళీ నెత్తురు. ఈ వానాకాలం దాటడం కష్టమన్నారు డాక్టరు గారు. నాన్నకి చావంటే భయం లేదు. తనని నీళ్ళలో మాత్రం పెట్టొద్దంటున్నాడు.

కిందటేడు అమ్మని పెట్టినప్పుడు గోతిలో మోకాటిలోతు నీళ్ళు. పెట్టె తేలింది. బాబాయిలు గెడలతో అదిమిపట్టుకుంటే పైన మట్టి వేశాం. మట్టి పడ్డ చప్పుడే లేదు, బుడబుడ తప్ప. పటమట వెనక మా సమాధుల దొడ్డికి వాన పడితే ఇదే గతి.

ఆగస్టు 7
నీళ్ళు పోయేట్టు కాలవ తవ్విద్దామని సంఘ పెద్ద ఏసుపాదం తాతని అడిగాను. ఏ వైపుకే అన్నాడు. ఏటి కట్ట కింద తూముంది గదా, నీళ్ళు కృష్ణకి పోక ఇంకెక్కడికి పోతాయని తనే జవాబు చెప్పుకున్నాడు. కొలిచి చెబుతానన్నాను. నాన్న పేరెత్తి, ఆమోసు కూతురు మెట్రిక్కి కడుతోంది మరి, కొలవనీండ్రా అని అందరితో అన్నాడు, నవ్వుతూ. ఒళ్ళు మండింది.

ఆగస్టు 8
లెక్కలు చెప్పే సాంబమూర్తి మాస్టారు తన అరుగు మీద సుద్దతో గీత గీసి చూపించారు. నన్ను వీధిలో నిలబెట్టే, కానీ ఓపిగ్గా. గీత మీద రెండు పాయింట్లు తీసుకోవాలి. ఎత్తులో తేడాని అడ్డంగా ఉన్న దూరంతో భాగించాలి. అదే స్లోప్. ప్లస్ వస్తే గీత ఎక్కుతున్నట్టు, మైనస్ వస్తే దిగుతున్నట్టు. ఇంతేనా!

ఆగస్టు 10
దొడ్డి నిండా వాన నీళ్ళు. నిలిచిన నీటికి మట్టం అంతటా ఒకటే. మేస్త్రీల రసమట్టం చేసే పని నీళ్ళే చేస్తాయి. కట్ట వైపు కర్ర దింపితే అడుగు లోతు. మూడొందల అడుగుల అవతల, దొడ్డి రెండో హద్దున ఉన్న మురుక్కాలవ వైపు, అడుగున్నర. అర అడుగుని మూడొందలతో భాగించాను. ఆరొందల అడుగులకి ఒక్కడుగు. ప్లస్. అంటే కట్ట నుంచి మురుక్కాలవకి నేల ఎక్కుతోంది. తాత మాటే నిజం. తూము వైపే తవ్వమన్నాను.

ఆగస్టు 12
వాన ఆగలేదు. నాన్న పాలు తప్ప ఏమీ తీసుకోవడం లేదు.

ఆగస్టు 17
తవ్వారు. నీళ్ళు పోవడం లేదు. పైగా తూము దగ్గరి నీళ్ళే సమాధుల మీదికి వస్తున్నాయి. అందరూ పారలు కడుక్కుని ఇళ్ళకి పోయారు. నన్ను తిట్టినా బాగుండేది. సాయంత్రం నాన్న, నీళ్ళు పోయాయా అమ్మా అని అడిగాడు. పోతున్నాయన్నాను. దేవుడా, ఎంత అబద్ధం.

ఆగస్టు 18, తెల్లవారుజామున
ఛీ, నా బుర్ర! నేను కొలిచింది ఎత్తు కాదు, లోతు. లోతు పెరిగిందంటే నేల దిగినట్టు. నా ప్లస్ మైనస్ కావాలి. నేల ఏటి నుంచి అవతలికి దిగుతోంది.

అదే రోజు, మధ్యాహ్నం
మాస్టారు అవునన్నారు. వరద వచ్చినప్పుడల్లా కృష్ణ తన ఒడ్డునే ఎక్కువ ఒండ్రు పోసిందట. అందుకే ఏటి పక్క నేల ఎత్తు. తాత దగ్గరికెళ్ళి తప్పు నాదేనన్నాను. తాత పార భుజాన వేసుకుని, ఆ మైనస్సేదో ఎటుందో చూపించవే రూతూ అన్నాడు.

ఆగస్టు 26
తూము వైపు తవ్వింది పూడ్చి ఇటు తవ్వారు. మురుక్కాలవలోకి నీళ్ళు దిగుతున్నాయి. నాన్నతో చెప్పాను. ఈసారి నిజమేనా అన్నాడు. నా అబద్ధం అప్పుడే తెలుసన్నమాట. ఏడుపు ఆపుకోలేకపోయాను.

సెప్టెంబరు 3
నాన్న పోయాడు. రాత్రంతా వాన.

సెప్టెంబరు 4
గోతిలో నీళ్ళు లేవు. పెట్టె మీద మట్టి పడ్డ చప్పుడు విన్నాను.