సుగుణ ముక్కుకు ఇత్తడి బిగింపు

హనుమకొండ,
1961 జూన్, గురువారం

సబ్బుతో ఎన్నిసార్లు కడుక్కున్నా నా వేళ్లకు చీము వాసన ఇంకా అంటుకునే ఉన్నట్టుంది.

ధర్మసాగర్‌లో అమ్మ దగ్గర పది రోజులుండి ఈ సాయంత్రం ఇంటికి వచ్చాను. నా తొమ్మిదేళ్ల కూతురు సుగుణ ముక్కుకు ఇత్తడి బిగింపు వేసి, తోలు పట్టీలతో తల వెనక ముడివేసి కూర్చోబెట్టారు. మా దుకాణంలో పొట్లాలు కట్టడానికి కొన్న పాత ఇంగ్లీషు పత్రికలో, చప్పిడి ముక్కును సూటిగా చేసే యంత్రం బొమ్మ ఉందట. అది చూసి మా ఆడబిడ్డ రాజమ్మ వదిన ముచ్చటపడితే, మా ఆయన బజారులో ఇత్తడి పనివాడితో అలాంటిదే చేయించాడు.

విప్పి చూస్తే ముక్కుకు రెండు పక్కలా చర్మం ఒరుసుకుపోయి చీము పట్టింది.

"పిల్లకు నొస్తలేదా వదినా?" అన్నాను.

"జర నొస్తది. రేపు ఎవలన్న పిల్లను చూడొస్తే ముందుగాల చూసేది ముక్కే గద," అంది వదిన, తమలపాకుకు సున్నం రాస్తూ.

"దొరసానులు గూడ పెట్టుకుంటరట," అన్నాడు మా ఆయన.

ఆ బిగింపును తీసుకెళ్లి మురికి నీళ్ల మోరీలో పారేశాను. వాళ్లిద్దరి ముఖాలు చూడాలంటేనే వెగటు పుట్టింది. కలిసి అన్నం కూడా తినలేకపోయాను.

పుండుకు మందు రాస్తుంటే సుగుణ మెల్లగా అడిగింది. "అమ్మా, నా ముక్కు గంత పాడుగున్నదా?"

"లేదు బిడ్డా, మంచిగున్నది."

"మరి నాయిన గట్లెందుకు చేపిచ్చిండు?"

నేను దూదితో పుండుకు మందు అద్దుతూనే ఉన్నాను.